అర వీసం ఆలస్యం

మూడు నిమిషాలు మాట్లాడమన్నారు.
ఆమె పాటలూ అంతే ఉండేవి,
రేడియోవాడు అంతకు మించి ఓపిక పట్టడని.
నేను మాటల మనిషిని కాను.
పదకొండేళ్లు వెర్లీన్ టాల్బర్ట్ వీపు చూస్తూ
డ్రమ్ములు వాయించినవాణ్ణి.
మీరంతా ఆమె ముఖం చూశారు.
ఏ మాట ముందు ఊపిరి దాచుకునేదో,
ఎక్కడ భుజాల మధ్య గౌను బిగిసేదో
అది నాకొక్కడికే తెలుసు.

మన టొలీడోలోనే, నది గడ్డకట్టిన చలికాలాల్లో,
గాజు ఫ్యాక్టరీలో ఆమె పని
సీసాల్ని వెలుతురుకెత్తి పగుళ్లు వెతకడం.
ఇంటికొచ్చాక మాటల్నీ అలాగే
ఒక్కొక్కటే పైకెత్తి, చుట్టూ తిప్పి చూసేది.
ఫ్యాక్టరీలో పగిలినవి పారేసేది,
ఇక్కడ పగిలినవే ఉంచుకునేది.

ఒక రాత్రి, పనికిరాని సీసాల చీటీ వెనక రాసింది:
"తలుపు మూయకు,
చలిని చెప్పుల్లా గడప బయటే విడిచి వస్తాను."
ప్రియుడి కోసమనుకున్నాం అందరం.
చర్చి పాట వదిలి క్లబ్బుల్లో పాడుతోందని
ఇంట్లోకి రానివ్వని అక్క కోసమని
నాకు ఎప్పటికో తెలిసింది.

అరవై ఏడు, ఫిబ్రవరి.
ఫర్నిచర్ కొట్టు వెనక గది, గోడలకు పాత పరుపులు.
నాలుగోసారి రికార్డు చేస్తుంటే డగ్గన్ ఆపేశాడు.
"వెనక వాయించేవాడు నిద్రపోతున్నాడా?
దెబ్బ ప్రతిసారీ వెనకబడుతోంది."
నా చెవులు కాలిపోయాయి.
వెర్లీన్ వెనక్కి తిరగలేదు.
"వాడి ఆలస్యం నాక్కావాలి,
తలుపు తట్టాక లోపలివాళ్లు
లేచి రావడానికి పట్టేంత సేపే అది" అంది.
ఆ రోజు నుంచి నా పేరు లేటు.
మా అమ్మ పెట్టిన పేరు ఇక ఎవరూ పిలవలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
పాట దాటింది.
ముప్ఫై ఎనిమిదో స్థానంలో రెండు వారాలుంది,
ఏదో ఓడలో వంటవాడు ఈల వేశాడని ఉత్తరమొచ్చింది.
పేరు మాత్రం పెదవి దగ్గరే ఆగిపోయింది:
రికార్డు మీద "రచన" అన్నచోట డగ్గన్,
"గానం" అన్నచోట వెర్నా.
"పోనీలే, వెర్నా ఎవరో అదృష్టవంతురాలు" అని నవ్వింది.
ఆ రాత్రి కారులో, నాష్‌విల్ దాకా,
ఒక్క మాట లేదు.
దారిలో ఏ హోటలూ గది లేదంది,
ఖాళీ ఉందన్న దీపం వెలుగుతుండగానే.

తర్వాత పాటలు రాలేదని రాశారు కాగితాల్లో.
రాలేదా? ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపింది.
స్టీరింగ్ మీద ఆ వేళ్లేం చేసేవో
వెనక సీటు పిల్లల్ని అడగండి,
ఇక్కడ సగంమంది వాళ్లే.

చివరికి కోర్టు ఆమె పేరు ఆమెకిచ్చింది.
డబ్బూ వచ్చింది, బస్సుకి టైర్లు కొనేంత,
అదీ మూడే.
పాత రికార్డు తీసి, పెన్నుతో కొట్టేస్తుందనుకున్నాను.
దుమ్ము తుడిచి మళ్లీ కవర్లో పెట్టింది.

యూనిస్ అక్కా,
మీరు ముందు వరసలో ఉన్నారు, చూస్తున్నాను.
పోయిన నెల మీరే వెళ్లి తట్టారట.
మంచం దిగి, ఆ గొట్టాలన్నీ లాక్కుంటూ
తలుపు దాకా రావడానికి
ఆమెకెంతసేపు పట్టిందో నేనడగను.
నా చేతికి తెలుసు.

ఇప్పుడు పిల్లలు ఆ పాట పాడతారు.
బాగా పాడతారు, సరిగ్గా టైముకి.
నాదొక్కటే మనవి:
రెండో చరణానికి ముందు
కాస్త ఆగండి.
లోపల ఎవరో లేస్తున్నారు.